కార్బైడ్ క్యాటలిస్ట్ పని చేస్తోందా, కరిగిపోతోందా? ఎయిర్ ఎలక్ట్రోడ్ లో కొలిచి తేల్చుకునే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

జింక్-ఎయిర్ బ్యాటరీ ఎలక్ట్రోడ్ లో మాలిబ్డినం కార్బైడో టంగ్‌స్టన్ కార్బైడో (మెటల్, కార్బన్ కలిసిన పదార్థం) క్యాటలిస్ట్ గా వేసి, ఛార్జ్ కరెంట్ బాగా వచ్చింది కదా అని సంబరపడే ముందు ఒక చిన్న లెక్క చూడండి. టంగ్‌స్టన్ కార్బైడ్ పూర్తిగా ఆక్సిడైజ్ అయితే ఒక్కో టంగ్‌స్టన్-కార్బన్ జతకి 10 ఎలక్ట్రాన్లు వదుల్తుంది, అంటే ఒక మిల్లీగ్రాముకి దాదాపు 4.9 కూలుంబులు. మనం గ్లాసీ కార్బన్ డిస్క్ (టెస్టుకి వాడే చిన్న గుండ్రటి ఎలక్ట్రోడ్) మీద వేసేది 50 మైక్రోగ్రాములు, దాన్లో ఉన్న మొత్తం ఛార్జ్ 0.25 కూలుంబు. 1 మిల్లీ ఆంపియర్ లెక్కన నాలుగు నిమిషాల్లో అంతా అయిపోద్ది. ఇప్పుడు 1.2 నుంచి 1.8 వోల్టుల దాకా సెకనుకి 5 మిల్లీవోల్టుల స్పీడ్ లో ఒక స్కాన్ వేస్తే పట్టే టైమ్ రెండు నిమిషాలు. అంటే ఆ స్కాన్ లో మీకు కనపడే కరెంట్ మొత్తం ఆక్సిజన్ పుట్టిన కరెంట్ కాకుండా క్యాటలిస్ట్ కరిగిపోతూ ఇచ్చిన కరెంట్ అయ్యుండటానికి లెక్క ప్రకారం ఏ అడ్డూ లేదు, పొటెన్షియోస్టాట్ (వోల్టేజ్ ఇచ్చి కరెంట్ కొలిచే యంత్రం) కి ఈ రెండిటి మధ్య తేడా తెలీదు.

అందుకే కార్బైడ్ల విషయంలో యాక్టివిటీ వేరే రోజు, కరోషన్ (తుప్పు) వేరే రోజు అని విడివిడిగా చూడకూడదు, రెండూ ఒకే కరెంట్ లో కలిసి వస్తాయి కాబట్టి రెండూ ఒకే ప్రయోగంలో విడదీయాలి. ఎలాగో కింద స్టెప్పుల వారీగా రాస్తున్నా. జింక్-ఎయిర్ ని మనసులో పెట్టుకుని రాశా, లిథియం-ఆక్సిజన్ గురించి మధ్యలో కొంచెం చెప్తా.

ముందు ఏ కార్బైడ్ ఎలా చస్తుందో తెలుసుకోండి

1973 లో లెవీ, బుడార్ట్ ఇద్దరూ టంగ్‌స్టన్ కార్బైడ్ కొన్ని రియాక్షన్లలో ప్లాటినం లాగా ప్రవర్తిస్తుందని చూపించినప్పటి నుంచి వీటి మీద ఆశ మొదలైంది. మెటల్ లాగా కరెంట్ పాస్ చేస్తాయి, గట్టివి, ప్లాటినం కంటే చవక. కానీ కార్బైడ్ అంటే సగం ఆక్సిడైజ్ అవ్వడానికి సిద్ధంగా ఉన్న పదార్థమే. మామూలు కార్బన్ కూడా హైడ్రోజన్ స్కేల్ (హైడ్రోజన్ ఎలక్ట్రోడ్ ని సున్నాగా తీసుకున్న కొలత, ఇక్కడి ఎలక్ట్రోడ్ వోల్టులన్నీ దాని మీదే) మీద 0.207 వోల్టులు దాటితే థర్మోడైనమిక్స్ ప్రకారం కార్బన్ డయాక్సైడ్ అయిపోవాలి, కాకపోతే రియాక్షన్ చాలా నిదానం కాబట్టి నిలబడుతోంది. కార్బైడ్లకి ఆ నిదానం అంత ఉండదు.

మాలిబ్డినం, టంగ్‌స్టన్ రెండిటిదీ ఒకటే కథ. యాసిడ్ లో మాలిబ్డినం కార్బైడ్ సుమారు 0.4 నుంచి 0.6 వోల్టుల మధ్యే ఆక్సిడైజ్ అవ్వడం మొదలెడుతుంది, టంగ్‌స్టన్ కార్బైడ్ ఇంకాస్త పైన, 0.6 నుంచి 0.8 మధ్య. టంగ్‌స్టన్ కి యాసిడ్ లో ట్రైఆక్సైడ్ పొర ఏర్పడి కొంత కాపాడుతుంది, కానీ ఆల్కలీ లో ఆ పొర నిలవదు, టంగ్‌స్టేట్ అయి నీళ్ళలో కలిసిపోతుంది, మాలిబ్డేట్ కూడా అంతే. టైటానియం, టాంటలం కార్బైడ్లు దీనికి తిరగేసిన కేసు, వాటి ఆక్సైడ్ కరగదు, పైన గట్టిగా అంటుకుని లోపల ఉన్నదాన్ని కాపాడుతుంది, కానీ ఆ పొర మందం అయ్యేకొద్దీ కరెంట్ పోనివ్వదు. ఐరన్ కార్బైడ్ దగ్గర పైన కార్బన్ చిప్ప ఉందా లేదా అన్నదే అసలు ప్రశ్న, చిప్ప లేని కణాలు యాసిడ్ లో కడిగితే పోతాయి, ఉన్నవి మిగుల్తాయి. నికెల్, కోబాల్ట్ కార్బైడ్లు ఛార్జింగ్ పొటెన్షియల్ దగ్గర పైన ఆక్సీహైడ్రాక్సైడ్ గా మారతాయి, అక్కడ పని చేసేది ఆ కొత్త పొరే, దాన్ని కార్బైడ్ యాక్టివిటీ అని రాయడం కరెక్ట్ కాదు.

1. పౌడర్ లో నిజంగా ఏముందో చూడండి

మీథేన్-హైడ్రోజన్ మిక్స్ లో కాల్చి చేసిన మాలిబ్డినం కార్బైడ్ ని ఫర్నేస్ లోంచి తిన్నగా గాల్లోకి తీయకండి, సన్నటి తాజా కార్బైడ్ గాలి తగిలితే అంటుకుంటుంది. గది టెంపరేచర్ కి చల్లారాక 1 శాతం ఆక్సిజన్ కలిపిన ఆర్గాన్ ని కొన్ని గంటలు నిదానంగా పంపి పైన పల్చటి ఆక్సైడ్ పొర పట్టనిచ్చి అప్పుడు తీయండి. ఈ పొర ఉందన్న సంగతి గుర్తు పెట్టుకోండి, కరోషన్ లెక్కల్లో మళ్ళీ వస్తుంది.

ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పద్ధతి) లో కాపర్ ట్యూబ్ తో టంగ్‌స్టన్ కార్బైడ్ పీకులు 31.5, 35.6, 48.3 డిగ్రీల దగ్గర, మాలిబ్డినం కార్బైడ్ కి 34.4, 38.0, 39.4 దగ్గర రావాలి. టంగ్‌స్టన్ శాంపిల్ లో 39.6 దగ్గర పీక్ ఉంటే అందులో కార్బన్ తక్కువున్న రెండో రకం కార్బైడ్ కలిసింది, రెండిటి కరోషన్ ఒకేలా ఉండదు కాబట్టి దాన్ని చూసీ చూడనట్టు వదిలెయ్యొద్దు.

ఎక్స్‌ఆర్‌డీ చెప్పనిది విడి కార్బన్ సంగతి. దానికి టీజీఏ (వేడి చేస్తూ బరువు మార్పు కొలవడం) చెయ్యండి. గాల్లో వేడి చేస్తే ప్యూర్ టంగ్‌స్టన్ కార్బైడ్ బరువు తగ్గదు, 18.4 శాతం పెరుగుతుంది, ట్రైఆక్సైడ్ అవుతుంది కాబట్టి. మాలిబ్డినం కార్బైడ్ అయితే 41.2 శాతం పెరగాలి (టెంపరేచర్ 600 డిగ్రీల దగ్గర ఆపండి, ఇంకా పైకెళ్తే మాలిబ్డినం ఆక్సైడ్ ఆవిరై లెక్క పాడవుద్ది), టైటానియం కార్బైడ్ 33.4. మీ టంగ్‌స్టన్ శాంపిల్ 18.4 బదులు 10 శాతమే పెరిగిందనుకోండి, 1.10 ని 1.184 తో భాగిస్తే 0.93, అంటే 7 శాతం దాకా విడి కార్బన్ ఉంది. అది కార్బైడ్ ఉపరితలాన్ని కప్పేసి ఉండొచ్చు, పైగా అది కూడా విడిగా ఆక్సిడైజ్ అయి కరెంట్ ఇస్తుంది.

2. సెల్ సరిగ్గా లేకపోతే మిగతాదంతా వృథా

ఆల్కలీ లో గాజు సెల్ వద్దు, గాజు నిదానంగా కరిగి సిలికేట్లు కలుస్తాయి, టెఫ్లాన్ దో పాలీప్రొపిలీన్ దో వాడండి. రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (వోల్టేజ్ ని దేనితో పోల్చి కొలుస్తామో అది) కి మెర్క్యురీ-మెర్క్యురీ ఆక్సైడ్. దాని విలువ పుస్తకంలోంచి తీసి కలపకుండా, అదే ఎలక్ట్రోలైట్ లో హైడ్రోజన్ బబుల్ చేసి ప్లాటినం వైర్ మీద జీరో కరెంట్ ఎక్కడొస్తుందో చూసి క్యాలిబ్రేట్ చేసుకోండి. ఇక్కడ 30 మిల్లీవోల్టుల తప్పు జరిగితే ఫలానా పొటెన్షియల్ దాకా సేఫ్ అని మీరు చెప్పేది తప్పైపోతుంది.

కౌంటర్ గా (కరెంట్ సర్క్యూట్ పూర్తి చేసే రెండో ఎలక్ట్రోడ్ గా) ప్లాటినం వద్దే వద్దు, గ్రాఫైట్ రాడ్ పెట్టి మధ్యలో మెంబ్రేన్ పెట్టండి. నేను మొదట్లో ప్లాటినం వైర్ పెట్టే 2000 సైకిళ్ళు నడిపాను, యాక్టివిటీ తగ్గాల్సింది పోయి రోజురోజుకీ పెరుగుతూ వచ్చింది, క్యాటలిస్ట్ యాక్టివేట్ అవుతోందని వారం రోజులు నమ్మాను, ఎక్స్‌పీఎస్ (ఉపరితలం మీద ఏ మూలకాలున్నాయో ఎక్స్‌రేలతో చూసే పద్ధతి) లో ప్లాటినం గీత కనపడే దాకా. కౌంటర్ కరిగి నా ఎలక్ట్రోడ్ మీదకొచ్చి చేరింది, ఆ డేటా అంతా పారేయాల్సి వచ్చింది.

ఇంకోటి, మామూలు పొటాషియం హైడ్రాక్సైడ్ లో కొద్దిగా ఐరన్ ఉంటుంది. నికెల్, కోబాల్ట్ ఉన్న కార్బైడ్లతో పని చేస్తుంటే ఆ కొద్దిపాటి ఐరనే ఆక్సిజన్ పుట్టే రియాక్షన్ ని చాలా పెంచేస్తుంది. ప్యూర్ గా చేసిన నికెల్ హైడ్రాక్సైడ్ పొడి ఆ ద్రావణంలో వేసి బాగా కలిపి తేర్చుకుంటే ఐరన్ దానికి పట్టుకుని పోతుంది.

3. ఇంకు

5 మిల్లీగ్రాముల పౌడర్, 1 మిల్లీలీటర్ నీళ్ళు-ఐసోప్రొపనాల్ కలిపినది, 5 శాతం నాఫియాన్ (పొడిని డిస్క్ కి అంటించే పాలిమర్) 20 నుంచి 50 మైక్రోలీటర్లు, ఐస్ నీళ్ళలో పెట్టి అరగంట సోనికేట్ చేయడం (శబ్ద తరంగాలతో కలపడం). 5 మిల్లీమీటర్ల డిస్క్ ఏరియా 0.196 చదరపు సెంటీమీటర్లు, దాని మీద 10 మైక్రోలీటర్లు వేస్తే చదరపు సెంటీమీటరుకి దాదాపు 0.25 మిల్లీగ్రాములు. కార్బైడ్ బరువెక్కువ, ఇంకులో అడుక్కి దిగిపోతుంది, కాబట్టి పిపెట్ చేసే ముందు ప్రతిసారీ కదపండి. కార్బన్ బ్లాక్ కలపాలంటే కలపండి, కానీ కార్బైడ్ లేకుండా కార్బన్ బ్లాక్ ఒక్కదాంతో చేసిన ఎలక్ట్రోడ్ ని కూడా ప్రతి టెస్టులో పక్కన నడపాలి, ఇది తప్పనిసరి.

4. పొటెన్షియల్ నిచ్చెన: తొందరపడి యాక్టివేషన్ చేయొద్దు

నా దృష్టిలో మొత్తం పనిలో ముఖ్యమైన స్టెప్ ఇదే, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. ప్లాటినం అలవాటు ప్రకారం ముందుగా 0.05 నుంచి 1.2 వోల్టుల దాకా ఒక 50 సైకిళ్ళు యాక్టివేషన్ అని తిప్పేస్తారు. ప్లాటినానికి అది శుభ్రం చేయడం, మాలిబ్డినం కార్బైడ్ కి అది చావు. మొదటి యాక్టివిటీ కొలత తీసుకునే టైమ్ కే పైపొరలు పోయి ఉంటాయి, మీరు కొలిచేది మిగిలిన దాన్ని.

దాని బదులు ఇలా చెయ్యండి. నైట్రోజన్ అరగంట బబుల్ చేసి, ముందు 0.05 నుంచి 0.4 దాకా సెకనుకి 50 మిల్లీవోల్టులతో మూడు సైకిళ్ళు వేసి ఆ గ్రాఫ్ ని దాచుకోండి, ఇది మీ కొలబద్ద. తర్వాత పై లిమిట్ ని 0.5 కి పెంచి మూడు సైకిళ్ళు, వెంటనే మళ్ళీ 0.4 కి దించి కొలబద్ద సైకిల్. తర్వాత 0.6, మళ్ళీ కొలబద్ద. ఇలా 0.1 చొప్పున ఎక్కుతూ పోండి. ప్రతి మెట్టు దగ్గరా రెండు చూడండి. పైకెళ్ళేటప్పుడు కరెంట్ ఉబ్బి, వెనక్కొచ్చేటప్పుడు దానికి జోడీ పీక్ లేకపోతే అది తిరిగి రాని ఆక్సిడేషన్, మొదటి సైకిల్ లో పెద్దగా ఉండి రెండో మూడో సైకిల్ లో తగ్గిందంటే పైపొర మారిపోయిందని అర్థం. రెండోది, కొలబద్ద సైకిల్ ఆకారం పాతదాని మీద సరిగ్గా కూర్చోవాలి. కూర్చోలేదంటే మీరు ఎక్కిన చివరి మెట్టు డేంజర్, దాని కింద మెట్టే మీ సేఫ్ లిమిట్.

డబుల్ లేయర్ కరెంట్ (ఉపరితలం ఛార్జ్ అవ్వడానికి పోయే కరెంట్) పెరిగితే ఏరియా పెరిగిందని సంతోషపడొద్దు. కరోషన్ వల్ల ఉపరితలం గరుకుగా అయినా, కార్బన్ మీద ఆక్సిజన్ గ్రూపులు పుట్టినా అదే కనిపిస్తుంది. యాసిడ్ లో అయితే 0.55 వోల్టుల చుట్టుపక్కల చిన్న జంట పీకులు వస్తాయి, కార్బన్ ఆక్సిడైజ్ అయి క్వినోన్ గ్రూపులు పుట్టాయని దాని భావం.

5. ఆక్సిజన్ రిడక్షన్ యాక్టివిటీ

కొత్త ఎలక్ట్రోడ్ తీసుకోండి, నిచ్చెన ఎక్కినది కాదు. ఆక్సిజన్ నింపిన 0.1 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ లో, నిమిషానికి 1600 తిరుగుళ్ళు, సెకనుకి 5 లేదా 10 మిల్లీవోల్టులు, పై లిమిట్ మీ సేఫ్ లిమిట్ దాటకుండా. అదే స్కాన్ నైట్రోజన్ లో కూడా చేసి తీసెయ్యండి. నాలుగు ఎలక్ట్రాన్ల దారిలో వెళ్తే లిమిటింగ్ కరెంట్ (ఆక్సిజన్ అందే వేగాన్ని బట్టి ఆగిపోయే గరిష్ఠ కరెంట్) చదరపు సెంటీమీటరుకి 5.5 నుంచి 6 మిల్లీ ఆంపియర్లు రావాలి, 3 దగ్గరే ఆగితే ఎక్కువగా పెరాక్సైడ్ పుడుతోంది.

సొల్యూషన్ రెసిస్టెన్స్ కరెక్షన్ మర్చిపోవద్దు. ఇంపీడెన్స్ లో 40 ఓమ్స్ వచ్చిందనుకోండి, 1.08 మిల్లీ ఆంపియర్ దగ్గర 43 మిల్లీవోల్టులు దానికే పోతుంది, ఇద్దరి క్యాటలిస్టులు పోల్చేటప్పుడు అది చిన్న తేడా కాదు.

పెరాక్సైడ్ శాతం రింగ్-డిస్క్ (డిస్క్ చుట్టూ విడి రింగ్ ఉండి, డిస్క్ మీద పుట్టినదాన్ని పట్టే ఎలక్ట్రోడ్) తో కొలవండి, ఎందుకంటే ఇది యాక్టివిటీ సంగతే కాదు, కరోషన్ సంగతి కూడా. పుట్టిన పెరాక్సైడ్ అక్కడికక్కడే కార్బైడ్ నీ కార్బన్ నీ ఆక్సిడైజ్ చేస్తుంది, ఆ నష్టం కరెంట్ లో కనపడదు. టంగ్‌స్టన్ కార్బైడ్ ఒంటరిగా ఆక్సిజన్ రిడక్షన్ కి గొప్ప క్యాటలిస్ట్ కాదు, దాని మీద వెండో మాంగనీస్ ఆక్సైడో ఇంకేదో కూర్చోబెట్టి సపోర్ట్ గా వాడతారు, కాబట్టి ప్లాటినంతో పోటీ పడలేదని నిరుత్సాహపడకండి.

6. కరోషన్ రేటు: ఛార్జ్ ఖాతా, కరిగిన మెటల్ ఖాతా

చాలామంది టాఫెల్ గీతలు (కరెంట్ లాగరిథమ్ కి వోల్టేజ్ గ్రాఫ్) గీసి, స్టెర్న్-గియరీ సూత్రంలో వేసి కరోషన్ కరెంట్ చెప్పేస్తారు. రెండు స్లోపులూ 120 మిల్లీవోల్టులు, పోలరైజేషన్ రెసిస్టెన్స్ చదరపు సెంటీమీటరుకి లెక్కగట్టి 2600 ఓమ్స్ అయితే 10 మైక్రో ఆంపియర్లు వస్తుంది, లెక్క తేలిక. కానీ నున్నటి మెటల్ రేకు కోసం చేసిన పద్ధతి అది. పోరస్ పౌడర్ మీద, అందులోనూ ఆక్సిజన్ ఉన్నప్పుడు, అవతలి వైపు నడిచేది ఆక్సిజన్ రిడక్షన్ కాబట్టి కార్బైడ్ తుప్పు, కార్బన్ తుప్పు రెండూ కలిసి ఒక నంబర్ గా వస్తాయి. ఒకే రకం శాంపిల్స్ ని ఒకదాంతో ఒకటి పోల్చడానికి వాడండి, అసలు రేటుగా రాయకండి.

అసలు రేటు కావాలంటే రెండు ఖాతాలు పెట్టాలి. ఎలక్ట్రోడ్ ని నైట్రోజన్ నింపిన 100 మిల్లీలీటర్ల ఎలక్ట్రోలైట్ లో ముంచి, పొటెన్షియల్ ఏమీ ఇవ్వకుండా 10 నిమిషాలు ఉంచి ఒక శాంపిల్ తీయండి. స్టెప్ 1 లో పట్టిన ఆక్సైడ్ పొర ఆల్కలీ లో ఎలక్ట్రాన్ ఇవ్వకుండానే కరిగిపోతుంది, ఈ శాంపిల్ దాని వాటా. తర్వాత ఒక పొటెన్షియల్ దగ్గర, 1.0 వోల్టు అనుకుందాం, ఒక గంట పట్టి ఉంచి ఛార్జ్ మొత్తం కూడండి, మళ్ళీ శాంపిల్ తీయండి, రెండూ ఐసీపీ-ఎంఎస్ (ద్రావణంలో మెటల్ ఎంతుందో కొలిచే యంత్రం) కి పంపండి.

ఉదాహరణకి గంటలో 0.060 కూలుంబు పోయింది, మొదటి శాంపిల్ తీసేశాక లీటరుకి 100 మైక్రోగ్రాముల టంగ్‌స్టన్ వచ్చింది అనుకుందాం. 100 మిల్లీలీటర్లలో 10 మైక్రోగ్రాములు, కార్బైడ్ గా మారిస్తే 10.7, మిల్లీగ్రాముకి 4.93 కూలుంబుల లెక్కన 0.052 కూలుంబు. అంటే పోయిన ఛార్జ్ లో 87 శాతం కార్బైడ్ కరగడానికే పోయింది, మిగతాది కార్బన్ ఆక్సిడేషన్ అయినా అయ్యుండాలి లేదా కరగకుండా పైన మిగిలిపోయిన ఆక్సైడ్ అయినా అయ్యుండాలి. ఎలక్ట్రోడ్ మీద ఉన్నది 50 మైక్రోగ్రాములు, గంటలో ఐదో వంతు పోయింది. ఈ ఒక్క వాక్యం పేపర్ లో ఉంటే పాతిక టాఫెల్ గీతల కంటే విలువైనది.

శాంపిల్ పంపేటప్పుడు ఒక జాగ్రత్త. మిగతా మెటల్స్ కి చేసినట్టు నైట్రిక్ యాసిడ్ పోస్తే టంగ్‌స్టన్ టంగ్‌స్టిక్ యాసిడ్ గా సీసా గోడకి దిగిపోవచ్చు, ఐసీపీ లో తక్కువ చూపిస్తుంది, మీరు స్టెబుల్ అనుకుంటారు. ఆల్కలీ లోనే పదింతలు పలచన చేసి, స్టాండర్డ్స్ కూడా అదే పొటాషియం ఉన్న ద్రావణంలో తయారు చేయమని ఐసీపీ నడిపేవాళ్ళకి ముందే చెప్పండి.

7. ఛార్జింగ్ వైపు

ఆక్సిజన్ పుడుతోందా లేదా అన్నది రింగ్ తో అడగండి. నైట్రోజన్ నింపిన ద్రావణంలో, రింగ్ ని ఆక్సిజన్ రిడ్యూస్ అయ్యే పొటెన్షియల్ దగ్గర, 0.4 వోల్టులు సరిపోతుంది, పట్టి ఉంచి డిస్క్ ని 1.5 నుంచి 1.6 దగ్గర చిన్న కరెంట్ తో నడపండి (కరెంట్ ఎక్కువైతే బుడగలు వచ్చి రింగ్ కి అందకుండా పోతాయి). రింగ్ కరెంట్ ని కలెక్షన్ ఎఫిషియెన్సీ (డిస్క్ మీద పుట్టినదాన్లో రింగ్ పట్టే వాటా) తో భాగిస్తే నిజంగా ఆక్సిజన్ కి పోయిన కరెంట్ వస్తుంది, డిస్క్ కరెంట్ లోంచి అది తీసేస్తే మిగిలింది తుప్పు. ఆల్కలీ లో కార్బన్ డయాక్సైడ్ కార్బోనేట్ అయి ద్రావణంలోనే ఉండిపోతుంది కాబట్టి గ్యాస్ లో అది కనపడలేదని కార్బన్ తుప్పు లేదనుకోవద్దు.

లిథియం-ఆక్సిజన్ సెల్ లో ఈ చెక్ వేరేలా ఉంటుంది, అక్కడ ఛార్జ్ చేసేటప్పుడు ఒక్కో ఆక్సిజన్ అణువుకి 2 ఎలక్ట్రాన్లు రావాలి, అంతకంటే ఎక్కువొస్తే పక్క రియాక్షన్లు జరుగుతున్నట్టే. 2013 లో బ్రూస్ అనే శాస్త్రవేత్త గ్రూప్ టైటానియం కార్బైడ్ క్యాథోడ్ తో 100 సైకిళ్ళు నడిపి 98 శాతానికి పైగా కెపాసిటీ నిలిపింది, కార్బన్ క్యాథోడ్ కంటే పక్క రియాక్షన్లు బాగా తగ్గాయి. అక్కడ ఉపరితలం మీద ఏర్పడే పల్చటి టైటానియం ఆక్సైడ్ పొర శత్రువు కాదు, మిత్రుడే, మందం పెరగనంత వరకు.

8. అసలు బ్యాటరీలో పెట్టేటప్పుడు

6 మోలార్ పొటాషియం హైడ్రాక్సైడ్ లో 0.2 మోలార్ జింక్ అసిటేట్, జింక్ రేకు, కార్బన్ పేపర్ మీద చదరపు సెంటీమీటరుకి 1 మిల్లీగ్రాము క్యాటలిస్ట్. సేఫ్టీ కళ్ళజోడు లేకుండా ఈ ద్రావణం ముట్టుకోవద్దు, కంట్లో పడితే యాసిడ్ కంటే ఘోరం. సెల్ వోల్టేజ్ లోంచి 0.43 తీసేస్తే ఎయిర్ ఎలక్ట్రోడ్ ఎక్కడుందో దాదాపుగా తెలుస్తుంది. 1.2 వోల్టుల దగ్గర డిశ్చార్జ్ అవుతుంటే అది 0.77 దగ్గర ఉంది, 2.0 దగ్గర ఛార్జ్ అవుతుంటే 1.57 దగ్గర. మాలిబ్డినం, టంగ్‌స్టన్ కార్బైడ్లు ఆల్కలీ లో ఆ 1.57 ని తట్టుకోలేవు, చిప్ప కప్పి కాపాడితే తప్ప. ఏ పనీ చేయకుండా 1.4 వోల్టుల ఓపెన్ సర్క్యూట్ లో పక్కన పెట్టినా ఎలక్ట్రోడ్ 0.97 దగ్గరే ఉంటుంది, అంటే వాడకుండా ఉంచిన బ్యాటరీలో కూడా తుప్పు నడుస్తూనే ఉంటుంది. అందుకని సైక్లింగ్ కి ముందు ఒక సెల్ ని 24 గంటలు ఊరికే ఉంచి ఐసీపీ చేయించండి.

10 నిమిషాలు ఛార్జ్, 10 నిమిషాలు డిశ్చార్జ్ చొప్పున వందల సైకిళ్ళు చూపించడం అందరూ చేస్తున్నదే, కానీ చదరపు సెంటీమీటరుకి 5 మిల్లీ ఆంపియర్ల దగ్గర 10 నిమిషాలంటే 3 కూలుంబులు, 1 మిల్లీగ్రాము టంగ్‌స్టన్ కార్బైడ్ లో దాగి ఉన్న 4.9 కంటే తక్కువ. మొదటి ఛార్జ్ మొత్తం క్యాటలిస్ట్ తినేసి వచ్చినా గ్రాఫ్ అందంగానే ఉంటుంది. ఒక్కో సైకిల్ కనీసం రెండు గంటలు ఉండాలి. నన్నడిగితే కార్బైడ్ ని డిశ్చార్జ్ ఎలక్ట్రోడ్ లో మాత్రమే పెట్టి, ఛార్జింగ్ కి నికెల్ మెష్ తో ఇంకో ఎలక్ట్రోడ్ పెట్టే మూడు ఎలక్ట్రోడ్ల సెల్ మంచిది, సెల్ సైజు పెరిగినా కార్బైడ్ బతుకుతుంది.

9. విప్పి చూడటం

సెల్ ఆగిపోయినప్పుడు క్యాటలిస్ట్ మీద నేరం మోపే ముందు జింక్ ఎలా ఉందో, ఎయిర్ ఎలక్ట్రోడ్ వెనక తెల్లటి పొటాషియం కార్బోనేట్ పట్టిందో చూడండి, గాల్లో కార్బన్ డయాక్సైడ్ వల్ల రంధ్రాలు మూసుకుపోయి ఆగిన సెల్స్ చాలా ఉంటాయి. ఎలక్ట్రోడ్ ని ఆక్సిజన్ తీసేసిన నీళ్ళతో కడిగి, ఆర్గాన్ కింద ఆరబెట్టి, గాలి తగలకుండా ఎక్స్‌పీఎస్ కి తీసుకెళ్ళండి, గాల్లో పెడితే పుట్టే ఆక్సైడ్ కీ సెల్ లో పుట్టిన ఆక్సైడ్ కీ తేడా ఆ తర్వాత ఎవరూ చెప్పలేరు. టంగ్‌స్టన్ కార్బైడ్ పీక్ 31.7 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర, ట్రైఆక్సైడ్ 35.8 దగ్గర, టైటానియం కి 454.9, 458.8.

ఆల్కలీ లో వాడిన టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్ మీద ఆక్సైడ్ పీక్ చిన్నగా ఉంటే స్టెబుల్ అని రాయకండి, ఆక్సైడ్ కరిగిపోయి కింద తాజా కార్బైడ్ బయటపడినా ఎక్స్‌పీఎస్ కి అచ్చం అలాగే కనపడుతుంది. అప్పుడు ఐసీపీ నంబర్ తీసి పక్కన పెట్టండి, అది లేకపోతే మిగిలిన ఎలక్ట్రోడ్ ని గాల్లో కాల్చి, మిగిలిన ఆక్సైడ్ ని ఆల్కలీ లో కరిగించి ఎంత టంగ్‌స్టన్ మిగిలిందో కొలవండి. మొదట వేసినది, ద్రావణంలోకి వెళ్ళినది, ఎలక్ట్రోడ్ మీద మిగిలినది, ఈ మూడు నంబర్లు 10 శాతం లోపల టాలీ అయితేనే యాక్టివిటీ గ్రాఫ్ ని బయటికి పంపండి, టాలీ అవ్వకపోతే సెపరేటర్ ని, జింక్ రేకుని కూడా కరిగించి వెతకండి, పోయిన టంగ్‌స్టన్ అక్కడ దొరకొచ్చు.